రెండో సంచి

“బొడ్డు మీద కాదండీ, పక్కన. ముందు చర్మం పొడిగా తుడవండి. అంటించాక అరచేత్తో కాసేపు నొక్కి పట్టుకోండి. ఆ వేడికి అతుక్కుంటుంది” అంది నర్సు.

బస్సు కండక్టరు చొక్కా పైకెత్తి పట్టుకుని అద్దం ముందు తంటాలు పడుతున్నాడు. పేగుకు ఆపరేషన్ అయ్యాక మలం బయటికి రావడానికి పొట్టకు తగిలించే సంచి అది. దాన్ని వాడటం నేర్పడమే ఆ నర్సు ఉద్యోగం.

ఆయన ఒక్క ప్రశ్నా అడగలేదు. అడిగేదంతా స్కూలుకు సెలవు పెట్టి వచ్చిన భార్యే.

“వాసనొస్తుందా సిస్టర్?”

“సరిగ్గా అంటిస్తే పక్కనున్నవాళ్ళకు కూడా తెలీదు.”

“నలుగురిలో ఉన్నప్పుడు ఊడిపోతే?”

“మళ్ళీ అంటించుకోవడమే. ప్రాణం కంటే సంచి బరువా టీచరమ్మా?”

“చెప్పడానికేం, ఎన్నైనా చెప్తారు. దీంతో బతికేదీ ఒక బతుకేనా?”

కండక్టరు అద్దంలోంచి ఆమె వంక చూశాడు. “భుజానికొక సంచి ఎలాగూ ఉంది. పొట్టకింకొకటి. చిల్లర మాత్రం ఇందులో వెయ్యనులే” అన్నాడు.

ఆమె నవ్వలేదు.

మర్నాడు ఆయన డ్యూటీకి బయల్దేరితే, “నా కళ్ళతో చూస్తేగానీ నమ్మను” అంటూ వెంట వచ్చింది. ముందు సీట్లో కూర్చుని ఆయన పొట్టవంకే చూస్తోంది. బస్సు కిక్కిరిసిపోయింది. “జరగండి, లోపలికి జరగండి” అంటూ ఆయన జనంలోకి దూరేసరికి ఎవరిదో మోచెయ్యి బలంగా తగిలింది. చొక్కా తడిసింది. ఒక పెద్దాయన వింతగా చూసి దూరం జరిగాడు. భార్య ముఖంలో నెత్తురుచుక్క లేదు.

డిపోలో దిగగానే, “నేను చెప్పలేదూ?” అని ఏడ్చేసింది.

ఆయనకూ తల కొట్టేసినట్టయింది. కానీ ఆమె ముందు తను బేలపడితే మొదటికే మోసం. నర్సుకు ఫోన్ చేశాడు.

“చెమట మీద అంటించుంటారు. ఫోన్ టీచరమ్మకివ్వండి, ఈసారి ఆవిడే అంటించాలి.”

ఆ గొంతులో తొందర లేదు, విసుగు లేదు. నర్సు చెబుతుంటే భార్య తుడిచింది, ఆరనిచ్చింది, సంచి అంటించి అరచెయ్యి ఆనించి నిలబడింది.

ఆ తర్వాత అది ఊడలేదు. పరుగెత్తి బస్సెక్కినా ఊడలేదు, నిద్రలో బోర్లా పడుకున్నా ఊడలేదు. వారాంతంలో ఒక ముసలమ్మ టికెట్టు తీసుకుంటూ, “ఏమయ్యా, పొట్ట పెరుగుతోంది! మీ ఆవిడ బాగా వండిపెడుతోందా?” అంది. ముందు సీట్లో భార్య పకపకా నవ్వింది. ఆయన ఆ నవ్వు విని నెలలైంది.

ఇద్దరూ మళ్ళీ నర్సు గదికి వెళ్ళారు.

“ఇంకా భయముందా?” అనడిగింది నర్సు.

“ఉంది సిస్టర్. కానీ మళ్ళీ స్కూలుకెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పుకోగలనన్న ధైర్యం వచ్చింది” అంది భార్య.

నర్సు కళ్ళు చెమర్చాయి. కండక్టరు పొట్ట మీది సంచి ఊడదీసి, అందులోని గంజినీళ్ళు సింకులో పారబోసింది.

ఆపరేషన్ రేపు, ఆయన భార్యకు.