ఫ్రిజ్ సాక్ష్యం

వీసా ఇంటర్వ్యూల పనిని కాన్సులేట్లు ఇళ్లలోని ఫ్రిజ్‌లకు అప్పగించి చాలా కాలమైంది. కాకినాడలో హిమజ ఇంటర్వ్యూ కూడా వాళ్ల వంటింట్లోనే జరిగింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఫ్రిజ్‌ది ఒకటే మాట, "పరిశీలనలో ఉందండీ." విదేశంలో ఆమె చేరాల్సిన కాలేజీ తెరిచే రోజు దగ్గరపడుతోంది.

ఆ ఉదయం పెరుగు గిన్నె కోసం తలుపు తీసిన హిమజ తల్లి సుభాషిణికి ఒళ్లు మండిపోయింది.

"ఇంకా ఏం పరిశీలిస్తావు? మా పిల్ల రాత్రింబవళ్లు నీ ఎదురుగానే కదా చదివింది!"

"చదివిందండీ. కానీ పై ఫ్లాటు మణిమాలగారి ఫ్రిజ్ వేరేగా చెబుతోంది. మీ అమ్మాయి ఎక్కడికీ వెళ్లదనీ, ఇక్కడే బ్యాంకు పరీక్షలు రాస్తుందనీ వాళ్ల వంటింట్లో మీరే అన్నారట."

సుభాషిణి నాలుక కరుచుకుంది. "వీసా చేతికొచ్చేదాకా ఎవరికైనా చెబుతామా? దిష్టి తగలదూ!"

"వీసా ఫారంలో దిష్టికి గడి లేదండీ. ఆవిడకి నిజం చెప్పి రండి. ముందు తలుపు వేయండి, చల్లదనం పోతోంది."

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, వెళ్లవే," అంది హిమజ.

సుభాషిణి సగం మెట్లెక్కిందో లేదో, మణిమాల దిగివస్తూ ఎదురైంది.

"వదినగారూ, మా హిమజ పైచదువుకి విదేశం వెళ్తోందండీ," అని సుభాషిణి గబగబా చెప్పేసింది.

మణిమాల ఆశ్చర్యపోలేదు. ఉన్నచోటే మెట్టు మీద కూలబడింది.

"నేనూ మీ ఇంటికే వస్తున్నాను వదినగారూ. మావాడు ఇక్కడే షాపు పెడతాడని మీతో అన్నాను చూడండి, వాడి వీసా మీ ఫ్రిజ్ దగ్గర ఆగిపోయిందట."