సున్నా కూడా అంకేనండి

పొగమంచులోంచి ఎవరో పిలిచారు.

"మేడంగారండీ, ఒక్క సాయం చేసి పెడతారా అండి?"

ప్రసన్నకుమారి ఉలిక్కిపడింది. నిడదవోలు శివారు, కాలవ మీద వంతెన, ఇంకా తెల్లారని డిసెంబరు పొద్దు. వంతెన పక్కన సిమెంటు బల్ల మీద ఒక పెద్దాయన, నడుం దాకా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"ఏంటండి?"

"లాకుల దగ్గర నీళ్ళు కొలిచే గేజి ఉంది కదండి. ఎన్నడుగులుందో చూసొచ్చి చెప్తారా? మీకు పుణ్యముంటుంది."

కాలవ నీళ్ళు ఆపే తలుపులుండే ఆ లాకులంటే అక్కడికి కిలోమీటరున్నర. రానూ పోనూ మూడు. ఆమె అప్పటికే ఇంటివైపు తిరగబోతోంది.

ప్రసన్నకుమారి హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళమ్మకి షుగరుతో కుడి పాదం తీసేశారు. నిరుడు తనకీ షుగరని తేలింది. అప్పట్నుంచి మంచం దిగేటప్పుడల్లా తన పాదాలు తనే భయం భయంగా చూసుకుంటోంది.

డాక్టరు రోజూ నడవమన్నాడు. అదొక్కటీ తప్ప ఆమె అన్నీ చేసింది. ట్రెడ్‌మిల్ కొంది, ఇప్పుడు దాని మీద తడిబట్టలు ఆరుతున్నాయి. యోగా ఆరు రోజులు, జిమ్ము నాలుగు రోజులు. కాలవ గట్టు మీద నడక మొదలుపెట్టడం ఇది మూడోసారి. రెండుసార్లూ ఈ వంతెన దగ్గరికొచ్చేసరికే బుద్ధి ఇంటికి మళ్ళింది.

పెద్దాయన మొహం చూసి కాదనలేకపోయింది.

గట్టు పొడుగునా మంచు. నీళ్ళ మీద ఆవిరి, గుర్రపుడెక్క పూలు, ఎక్కడో చర్చి మైకులోంచి సన్నగా పాట. తను నడుస్తోందో, గట్టే తనని మోసుకెళ్తోందో తెలియలేదు. లాకుల గోడ మీద అంకెలు చూసి అదే మత్తులో తిరిగొచ్చింది.

"నాలుగడుగుల మూడంగుళాలండి."

"ఆయ్, చల్లగా ఉండండి. రేపు కూడా కాస్త చూసి పెట్టండి."

"రోజూ ఎందుకండి మీకు?"

"అది తెలిస్తే గానీ నాకు టీ గొంతు దిగదండి."

మర్నాడు బద్ధకమేసింది. దుప్పటి మొహం మీదికి లాక్కుంది. పాపం, ఆ చలిలో అంకె కోసం చూస్తూ కూర్చుంటాడేమో అనిపించి లేచింది. తన కోసమైతే లేచేది కాదు.

ఆయన పేరు సత్తియ్య అట. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. ఆమె వచ్చేసరికి బల్ల మీదే ఉంటాడు, వెళ్ళిపోయేటప్పుడూ బల్ల మీదే ఉంటాడు. ఆయన నడవగా ఆమె ఒక్కసారైనా చూడలేదు.

"కూర్చున్న చోటు నుంచి కదలకుండా పని చేయించుకోవడం ఆయన్ని చూసి నేర్చుకోవాలి" అని స్టాఫ్‌రూములో చెప్పి నవ్వించింది.

మంచు పోయింది. బూట్లు అరిగిపోతే కొత్తవి కొంది. ఏప్రిల్లో ఎప్పట్లాగే నీళ్ళు ఆపి కాలవలు కట్టేశారు. నాలుగు రోజుల్లో అడుగున బురద తేలింది.

"ఇంకేం చూడనండి? నీళ్ళే లేవు కదా" అంది.

"గేజి ఉంది కదండి."

"సున్నా ఉంటుంది."

"సున్నా కూడా అంకేనండి. లెక్కల టీచరుగారికి నేను చెప్పాలా?"

పెద్దాయనకి మతి తప్పుతోంది, మనసు కష్టపెట్టడం ఎందుకని వెళ్ళొచ్చింది.

"సున్నా అండి."

"ఆయ్, అలాగాండి" అని ఆయన తృప్తిగా తలాడించాడు.

యాభై రోజులు ఎండిన కాలవ పక్కన నడిచింది. యాభై రోజులూ సున్నా అనే చెప్పింది. ఒక ముసలి ప్రాణం కోసం ఇంత చేస్తున్నందుకు తన మీద తనకే ముచ్చటేసేది.

మే నెలాఖర్లో రక్తపరీక్ష చేస్తే షుగరు దిగింది. డాక్టరు మందు సగానికి తగ్గించాడు. ఆ మాట సత్తియ్యకి చెప్పాలనుకుంటూనే రోజూ మర్చిపోయేది.

జూన్లో నీళ్ళొదిలారు.

ఆ రోజు బల్ల ఖాళీగా ఉంది. ఆలస్యమైందేమో అనుకుని ముందుకెళ్ళింది. లాకుల దగ్గర ఎర్రనీళ్ళు నురగలు కక్కుతున్నాయి. గేజి మీద రెండడుగులు! ఆ అంకె నోట్లో పెట్టుకుని చిన్నపిల్లలా పరుగెత్తుకొచ్చింది.

బల్ల ఇంకా ఖాళీగానే ఉంది.

మర్నాడూ అంతే. మూడోనాడు లాకుల దగ్గర ఒకమ్మాయి ఇనప చక్రం తిప్పుతూ తలుపులు ఎత్తుతోంది. పక్కనే లాకుల సిబ్బంది ఉండే క్వార్టరు.

"అమ్మా, వంతెన దగ్గర కూర్చునే సత్తియ్యగారు తెలుసా?"

"మా నాన్నండి." ఆ అమ్మాయి చక్రం వదిలేసింది. "పోయిన ఆదివారం నిద్దర్లోనే పోయారండి. నీళ్ళొదిలారని డ్యూటీకొచ్చాను."

ప్రసన్నకుమారి గోడ మీది గేజి వైపు తిరిగింది.

"గేజి చూసే మేడంగారు మీరేనా అండి?"

"నేనే. ఇక ఆ అంకె ఎవరికి చెప్పాలమ్మా?"

"గేజి చూసి ఆఫీసుకి ఫోన్ చేసేది నేనేనండి, రోజూ నాలుగున్నరకే. అది విన్నాకే నాన్న ఈ ఇంట్లోంచి బయల్దేరేవారు."

"మరి నన్నెందుకు పంపేవారు?"

"వంతెన దాకా వచ్చి వెనక్కెళ్ళిపోతున్నారంట కదండి మీరు."

ఆ అమ్మాయి క్వార్టరు అరుగు వైపు చూసింది. అక్కడ గోడకి ఆనించి ఒక పెట్టుడు కాలు ఉంది, నల్ల బూటు దానికి తొడిగే ఉంది.

"షుగరుతో కాలు పోయి పదకొండేళ్ళండి, మీకంటే ముందుండాలని గంట ముందే లేచి, దాంతోనే ఆ బల్ల దాకా నడిచెళ్ళేవారు."