ముందే దిగిన మేఘం

"ఈల ఎవరు వేశారు?"

డైరెక్టర్ మార్గరెట్ స్టేజి అంచున నిలబడి అడిగింది. ఆమె వెనక, రంగులు పూసిన పెద్ద చెక్క మేఘం పక్కకి ఒరిగి పడి ఉంది. దేవత వేషంలో దాని కింద నలిగిన రష్మిని అప్పుడే అంబులెన్స్ ఎక్కించారు. తల్లి లీలావతి ఏడుస్తూ వెంట వెళ్లింది. ఆ పిల్ల మళ్లీ నడుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లోని ఆ చిన్న థియేటర్‌లో మూడు వందల ఏళ్ల కిందటి యూరప్ నాటకాన్ని అప్పటి పద్ధతిలోనే ఆడుతున్నారు. మైకులు లేవు, మోటార్లు లేవు. స్టేజికి పైన అటక మీద మనుషులు తాళ్లు పట్టుకుని కూర్చుంటారు. ఆ రోజుల్లో ఓడల మీద పనిచేసినవాళ్లే ఈ తాళ్లు లాగేవారట. అటక మీద నుంచి స్టేజి కనిపించదు. ఈల వినిపిస్తే తాడు వదలాలి, దేవత కోసం మేఘం దిగాలి. అంతే. అందుకే హాల్లో ఎవరూ ఈల వేయకూడదని తలుపు దగ్గరే చెప్పి మరీ లోపలికి పంపుతారు.

"నాది మెళ్లోనే ఉంది," అంటూ స్టేజి మేనేజర్ తన విజిల్ చూపించాడు. "అయినా మనం విన్నది విజిల్ కాదు. వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈల."

అంతా చెక్కతో కట్టిన హాలు. ఎటునుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. కానీ అందరూ ఒకవైపే చూశారు.

ముందు వరసలో దామోదర్, శాంతి కూర్చుని ఉన్నారు. వాళ్లమ్మాయి దియ ఈ నాటకంలో దేవత చెలికత్తె. మొదటి షో రోజున, అంతా అయ్యాక దియ వంగి దండం పెడుతుంటే దామోదర్ ఆనందం పట్టలేక ఈల కొట్టాడు. అప్పటికి అటక మీదివాళ్లు కిందికి దిగిపోయారు కాబట్టి సరిపోయింది. మార్గరెట్ ఆయన్ని పక్కకి పిలిచి గట్టిగానే చెప్పింది.

"మిస్టర్ దామోదర్, పోలీసులు వస్తున్నారు," అంది మార్గరెట్ ఇప్పుడు. "ఈల అంటే ఏమిటో మా వాళ్లందరికీ తెలుసు. వాళ్లలో ఎవరైనా వేస్తే అది నేరం. బయటి మనిషి సరదాకి వేస్తే పొరపాటు. నాకు నిజం కావాలి."

బయట మంచు పడుతోంది. దామోదర్ నుదుటి మీద మాత్రం చెమట.

"మా ఆయన..." అనబోయింది శాంతి.

"నువ్వాగు," అన్నాడు దామోదర్.

దియ స్టేజి దిగి వచ్చింది. మొహం మీది తెల్ల పౌడర్ కన్నీళ్లకి చారలు కట్టింది.

"నాన్నా, ప్లీజ్. జస్ట్ చెప్పేయి. బై మిస్టేక్ అయింది అని చెప్పు. వాళ్లు ఏం చెయ్యరు."

"ఏం చెయ్యరా?" శాంతి గొంతు లేచింది. "గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది. పోలీస్ రిపోర్ట్‌లో పేరెక్కితే? ఇన్నేళ్ల తర్వాత మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటావే?"

"అమ్మా, రష్మి కాలు చూశావా నువ్వు? ఎవరో ఒకరు చెప్పాలి కదా!"

దామోదర్ కూతురి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"నేనే. అలవాటులో వేసేశాను. మా ఊళ్లో సినిమా హాల్లో ఈలలు వేస్తూనే పెరిగాం."

"నేను చెప్పాక కూడానా?"

"మర్చిపోయాను. సారీ."

మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్న మనిషి ఒక్కసారి లేచాడు. అటక మీద తాడు పట్టుకున్నది అతనే.

"సారీనా? వదిలింది నేను. ఈ చేతులతో వదిలాను. ఆ అమ్మాయి అరుపు విన్నాక గానీ తెలియలేదు నాకు!"

దామోదర్ తల వంచుకుని నిలబడ్డాడు. పోలీసులు వచ్చారు, అడిగారు, రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు. మళ్లీ పిలుస్తామన్నారు.

"ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకండి," అంది మార్గరెట్. తర్వాత తన వాళ్ల వైపు తిరిగింది. "శుక్రవారం దాకా షోలు లేవు. దియా, రష్మి లైన్లు నీకు వచ్చు కదా?"

"వచ్చు," అంది దియ మెల్లగా.

కార్ అద్దం మీద మంచు పేరుకుపోయింది. దియ ఇంకా థియేటర్ లోపలే ఉంది. దామోదర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇంజన్ ఆన్ చేయలేదు.

"ఎందుకండీ అలా చెప్పారు?" అంది శాంతి. "మళ్లీ ఈల వేస్తారేమోనని షో మొదలైన దగ్గర్నుంచీ మీ చేతులు రెండూ నేనే పట్టుకుని కూర్చున్నాను. మీరు వేయలేదు."

"వేయలేదు."

"మరి ఆ వేసినవాడు ఎవడో తప్పించుకుపోతే, మనం ఎందుకు..."

"వినగానే గుర్తుపట్టాను శాంతీ," అన్నాడు దామోదర్. "దియకి నేను నేర్పిన ఈల కదా అది."