ఊసరవెల్లికి ఎండ తగిలే గూడు

"ఊసరవెల్లికి గాజు పెట్టె పనికిరాదండి. గాలాడే జాలీ గూడు, పొద్దుటి ఎండ ఉండాలి. చట్టప్రకారం దానికో కిటికీ ఇస్తాం," అన్నాడు టవరు మేనేజరు.

వరహాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ టవర్లో మనుషుల ఇళ్ళకు కిటికీలే లేవు, గోడ మీద బొమ్మ సూర్యుడు తప్ప. పసిగుడ్డు మనవరాలికి నూనె రాసి కాసేపు ఎండలో పడుకోబెడతానని ఆమె కాళ్ళావేళ్ళా పడితే, మనుషులకు ఆ హక్కు లేదు పొమ్మన్నది ఈ మేనేజరే. అందుకే నిన్న ఆ ఊసరవెల్లిని కొనుక్కొచ్చింది.

"దానికి కిటికీ, మడిసి పిల్లకి గోడానా? సిగ్గునేదా బాబూ మీకు?"

మేనేజరు తల వంచుకున్నాడు. "గూడు ఏ సైజు కావాలండి? ఊసరవెల్లి ఎంతుంటుంది?"

"అది జానెడే. గూడు మాత్రం మా మనవరాలు కాళ్ళు సాపుకుని పడుకున్నంత ఉండాల."