శ్రీకాంత్ పోయిన రోజు

జూబ్లీహిల్స్‌లోని ఆ ఇంటి హాల్లో వీరభద్రం నిలువెత్తు ఫోటోకు గులాబీల దండ వేశారు. దాని పక్కన కుర్చీలో ఆయన భార్య అమ్మాజీని కూర్చోబెట్టారు. లైట్లు వెలిగాయి. తెలుగువాళ్ళను దశాబ్దాల పాటు నవ్వించిన నటుడి సంస్మరణ చిత్రంలో ఆమె చెప్పవలసింది ఒక్క ఘట్టమే.

ఆ ఘట్టం తెలియని అభిమాని లేడు. ఐదేళ్ళ కొడుకు శ్రీకాంత్‌ను ఉదయం మట్టిచేసి, మధ్యాహ్నానికి మేకప్ వేసుకొని, ఆ మహానటుడు హాస్య సన్నివేశాన్ని ఒకే టేకులో పూర్తిచేశాడట. పత్రికలు రాశాయి. సభల్లో వక్తలు మళ్ళీ మళ్ళీ చెప్పారు. నిజమా అని అడిగినవారు లేరు.

అమ్మాజీ ఒకే షరతు మీద ఒప్పుకుంది. శ్రీకాంత్ ఫోటో తెరమీద కనిపించాలి. వాడి ముఖం లోకం ఇంతవరకు చూడలేదు.

"యాక్షన్!" అంది సహాయ దర్శకురాలు లాస్య.

"ఆ రోజు మా వారు శ్మశానానికి రాలేదండీ," అంది అమ్మాజీ కెమెరాతో. "కబురు అందింది. షూటింగు ఆపలేదు. బిడ్డను ఎత్తుకెళ్ళింది మా తమ్ముడు."

పక్కగదిలో మానిటర్ ముందున్న దర్శకుడు వాకీటాకీలో కట్ చెప్పాడు.

"ఈవిడతో మొదటినుంచీ ఇదే గొడవ. జనం కన్నీళ్ళు పెట్టుకున్న కథ అది. దాన్ని చెడగొడితే పిల్లవాడి ఫోటో ఉండదని చెప్పు."

లాస్య ఇబ్బందిగా ఆమె పక్కన చేరింది. "అమ్మా, జర సార్ చెప్పినట్టే చెప్పున్రి. మస్తు గరం మీదున్నడు. ఎక్కువసేపు కూసునే ఓపిక గూడ లేదు ఆయనకు."

"ఆయన మాట కాదన్నవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారే పిల్లా?" అమ్మాజీ నవ్వింది. "సరే, నా బిడ్డ తెరమీద ఎంతసేపుంటాడు?"

"మూడు సెకన్లుంటడమ్మా. గంతే."

రెండో టేకులో ఆమె అబద్ధం చెప్పింది. తండ్రి తన చేతులతోనే కొడుకును గోతిలో పడుకోబెట్టాడని చెప్పింది. స్నానం చేసిన తడి ఆరకముందే సెట్టుకు వెళ్ళాడని చెప్పింది. చెబుతూండగా నిజంగానే ఏడుపు వచ్చింది. అది ఎవరికోసమో కెమెరా పట్టించుకోలేదు.

"ఇప్పుడు దారికొచ్చింది," అన్నాడు దర్శకుడు. "కానీ ఆ బొట్టేమిటి? సంస్మరణ చిత్రంలో బొట్టు పెట్టుకొని కూర్చుంటే చూసేవాళ్ళు నవ్వరూ? తుడిచేసి ఇంకోసారి చెప్పమను."

"సార్, గిది నేను చెప్పలేను," అంది లాస్య.

చెప్పవలసిన అవసరం లేకపోయింది. వాకీటాకీలోంచి ఆ గొంతు హాలంతా వినిపించింది.

"ఇది మాత్రం నావల్ల కాదు," అంది అమ్మాజీ.

"ఫోటో సంగతి గుర్తుచెయ్యి."

అమ్మాజీ తల వంచుకుంది. తర్వాత చీర చెంగు నుదుటి దాకా తీసుకువెళ్ళింది.

మూడో టేకు ఒక్క తడబాటు లేకుండా ముగిసింది.

"ఓకే, నేను పోయిన గంటలోగా ఇది అన్ని ఛానళ్ళకూ అందాలి," అంటూ వీరభద్రం మానిటర్ ముందునుంచి తన చక్రాల కుర్చీని వెనక్కి తిప్పించుకున్నాడు.