గోడ మీదుగా గరిటె

మా విడవలూరు తీరంలో ఉప్పుకు కొదవలేదు, ఎంత వేయాలో చెప్పగల నాలుకలే తక్కువ. మా ఆవిడ గురవమ్మ నాలుక అలాంటిది. నా మీదా బాగానే పనిచేసింది, అది వేరే కథ.

పొదుపు సంఘం లోనుతో ఆమె, పక్కింటి ముంతాజ్ బేగం కలిసి రొయ్యల పచ్చడి వ్యాపారం పెట్టారు. రంజాన్ ఒక్కపొద్దుల్లో ముంతాజ్ రుచి చూడదు, గురవమ్మే చూసేది.

ఈరోజూ ఒక్కపొద్దే. పచ్చడి నచ్చితే నెల్లూరులో స్టాల్ ఇస్తామని సంఘాల ఆఫీసరమ్మ వచ్చింది.

“గురవమ్మక్కా, ఉప్పు చూడు!” ముంతాజ్ అలవాటుగా గోడ మీదుగా గరిటె చాపింది.

నేను అరచెయ్యి పట్టాను. గాజుల్లేని చెయ్యి చూసి ముంతాజ్ గరిటె వెనక్కి తీసుకుంది.

“మర్చిపోయినా అన్నా...”

“ఉప్పు నేను చూస్తాలేమ్మా. ఆమె పోయి పన్నెండు రోజులాయ, ఆ పేరు పెట్టి పిలిచినోళ్ళే లేరు. ఇంకొక్కసారి అట్నే పిలువు.”