ఆరు గంటల విమానానికి మల్లెలు

ఆ రోజు ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. అత్త పుష్పవల్లి, ఆడబిడ్డ నివేదిత, పుట్టింటి నుంచి చీరా గాజులూ తెచ్చిన తమ్ముడు సాయిరామ్, పెదమామ గోవిందస్వామి, కూతురు మధుమిత, వీధిలోని ముత్తైదువలు ఐదుగురు. పదకొండో మనిషి కోకిల. అందరూ ఆమె కోసమే వచ్చారు. ఆమె మాత్రం గంప ముందు కూర్చుని మల్లెలు కడుతోంది.

ఒంటిగంటకు తిరువొత్తియూరు నుంచి వ్యాను కదలాలి. ఊరంతా దాటి మీనంబాకం విమానాశ్రయం చేరాలి. ఆరు గంటల సింగపూరు విమానంలో పెట్టెలు ఎక్కాలి. ఇక్కడ మొగ్గలుగా బయలుదేరి, తెల్లారి అక్కడి అంగట్లో విచ్చుకోవాలి. ఇంకా మూడు చెండ్లు మిగిలాయి.

ఆ విమానం మీద బతికేవాళ్ళు ఈ వీధిలోనే చాలామంది. ఐసు కొట్టే ఆయన, థర్మోకోలు పెట్టెల అంగడి, సౌకార్‌పేట నుంచి అరటినార తెచ్చే ముసలామె, వ్యాను డ్రైవరు. పోయిన తుఫానుకు రెండు రోజులు విమానాలు ఆగితే, వీళ్ళందరికీ పని ఆగింది. వీళ్ళలో ఒక్కరూ విమానం ఎక్కి ఎరగరు. కార్గో షెడ్డులో పెట్టెలు ఎక్కించే విజయకుమార్ కూడా ఎరగడు. కోకిలకు ఈ ఆర్డరు కుదిర్చిపెట్టింది భర్త విజయకుమారే. "నువ్వు కట్టాల, నేనెక్కించాల. మనిద్దరం లేకపోతే ఆ విమానం లేవదే" అనేది అతని ఎగతాళి.

మధుమిత ప్లస్ టూ చదువుతోంది. ఈ ఆర్డరు కోకిల చేతిలో నిలిస్తేనే ఆ చదువు సాగుతుంది. ఉదయం నుంచీ కోకిల తలలో ఉన్నది ఇదొక్కటే. మిగతా మాటలన్నీ గోడ అవతల నుంచి వస్తున్నట్టున్నాయి.

"చెయ్యి ఇట్ట ఇయ్యవే" అంది పక్కింటి కన్నియమ్మ.

కోకిల ఎడమచేత్తో ముడి వదలకుండా కుడిచెయ్యి చాపింది. కన్నియమ్మ గాజులు ఎక్కించింది. మోచేతి దాకా ఎక్కించింది.

"పెండ్లినాడు కూడా ఇన్ని ఏసుకోలేదు గదా ఇది."

"అప్పుడు పుల్ల మాదిరి ఉన్నింది. ఇప్పుడైతే సోపు రాయాల" అంది వెనకనుంచి ఒకామె. ఎవరో నవ్వారు. వెంటనే ఆపేశారు.

కాళ్ళకు పసుపు పూశారు. నుదుట పెద్ద బొట్టు పెట్టారు. కొత్త చీర కట్టించారు. జడ కనపడకుండా పూలు తురిమారు. అవి నాలుగు మూరలుంటాయి. పెట్టెలోకి పోవలసినవి. కోకిల మనసులో నాలుగు మూరలు కలుపుకుని, మళ్ళీ నార తడిపింది.

"ఏమ్మా మధూ, ఈ పూలకి విమానంలో సీటిస్తారా, నిలబడే పోవాల్నా?" గోవిందస్వామి అడిగాడు.

"పండుకొని పోతాయి తాతా."

"అదృష్టం."



నివేదిత కాఫీ తెచ్చింది. "వదినా, ఒక్క గుక్క తాగు." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోకిల అడగకుండానే "పొగ" అంది.

పన్నెండున్నరకు వ్యాను ఏజెంటు ఆనంద్‌రాజ్ వచ్చాడు. గడప దాటలేదు. కోకిలను తలనుంచి కాళ్ళదాకా చూసి, చూపు దించుకున్నాడు.

పుష్పవల్లి పూలగంపకు దూరంగా, గోడవారన కూర్చుని ఉంది. "ఇయాళ ఈ ఇంటి పూలు పంపొచ్చునా, ఆనంద్‌రాజ్?" అంది.

"సముద్రం దాటినాక ఎవురికి తెలస్తాది పెద్దమ్మా? పది దినాలు ఆర్డరు ఆపి పెట్నాను. ఇంకా ఆపితే ఏరేవాళ్ళకి పోతాది. సీక్కిరం కానీండి."

కోకిల వేళ్ళు ఆగలేదు. ఇటు రెండు మొగ్గలు, అటు రెండు, ఒక ముడి. ఆఖరి చెండు చుట్టి తడిగుడ్డలో పెట్టింది. ఐసు సర్ది, మూత వేసి, టేపు అంటించింది. ఒంటిగంటకు ఐదు నిమిషాలుంది. పెట్టెలన్నీ సరిగ్గా ఉన్నాయి.

"కార్గోలో కొత్తాయన ఉండాడక్కా. ఎత్తి పడేస్తాడు. పైన జాగర్త అని రాయి" అన్నాడు ఆనంద్‌రాజ్.

రాసింది.

"రేపటికెన్ని చెండ్లు?" అని అడిగింది కోకిల.

ఆనంద్‌రాజ్ పుష్పవల్లి వైపు చూశాడు.

"రేపట్నించి మధు కడతాది" అంది పుష్పవల్లి.

"దానికి బడి ఉంది గదత్తా. నేనే కడతా." కోకిల గొంతు పెంచలేదు. "సముద్రం దాటితే తెలీదన్నావు గదా తమ్ముడూ?"

"ఆడ తెలీదక్కా" అన్నాడు ఆనంద్‌రాజ్ పెట్టె ఎత్తుకుంటూ. "ఈడ తెలుసు గదా."

వ్యాను వెళ్ళిపోయింది. కన్నియమ్మ ఆమె భుజం పట్టుకుని, "లెయ్యి తల్లీ, టైమైంది" అంది. ఆడవాళ్ళు ఆమెను పెరట్లోకి నడిపించారు. అక్కడ చెయ్యవలసినవి చేసి, నెత్తిన నీళ్ళు పోశారు. కోకిల ఏ పనికీ అడ్డు చెప్పలేదు.

తడిచీరతో లోపలికి వచ్చేసరికి, ఆమె చోట మధుమిత కూర్చుని ఉంది. గంపలో మిగిలిన మొగ్గలు ముందేసుకుని నార తడుపుతోంది. మొదటి ముడి వదులుగా పడింది. బిగించి లాగమని చెప్పాలనుకుంది కోకిల. అంతలో పుష్పవల్లి చెయ్యి ఆమె వీపు మీద పడి, లోపలి గదిలోకి నెట్టింది.

కన్నియమ్మా మిగతావాళ్ళూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

పదోరోజు కర్మ ముగిసింది గనక, విధవ ముఖం ఏ ముత్తైదువ కంటా పడకుండా, పుష్పవల్లి బయటినుంచి తలుపు మూసింది.